అక్క చేతికందే చోటు

మేస్త్రీ ముగ్గుపిండి డబ్బాతో వచ్చి, మా పెరట్లో ఖాళీగా ఉన్న జాగాలో గీతలు పోశాడు. పాత మిద్దెను ఇంకా పడగొట్టలేదు. కొత్త ఇల్లు ఎలా ఉండబోతుందో కాగితం మీద చూపిస్తే ఆడవాళ్ళకు అర్థం కాదని, నేల మీదే గీసి చూపిస్తానన్నాడు. ఇది హాలు, ఇది పడకగది, ఇది దేవుడి మూల అంటూ గీతల మధ్య నడిచాడు. చివరికి ఆగ్నేయం మూలన నిలబడి, "ఈడ వంటిల్లు. ఈ పక్క గ్యాసు బండ, ఆ పక్క సింకు" అన్నాడు.

అక్క వెనక గుమ్మంలో కూర్చుని వింటోంది. ఆ గీతలు ఆమెకు కనిపించవు. మేస్త్రీ గొంతు ఎటు నుంచి వస్తే అటు తల తిప్పుతోంది. అంతా విన్నాక అడిగింది.

"పొయ్యి యాడప్పా?"

"అదే చెప్తాండా గదమ్మా. గ్యాసు బండ ఈ పక్క..."

"గ్యాసు గాదప్పా. పొయ్యి."

మేస్త్రీ మా అబ్బాయి వైపు చూశాడు. మా అబ్బాయి నా వైపు చూశాడు. నేను నేల మీది గీతలు చూశాను. అంత ఇంట్లో కట్టెల పొయ్యి గురించి మాలో ఎవరికీ తట్టలేదు.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. నేను వాయల్పాడు వైపు పిల్లను. పెళ్ళయి పుంగనూరులోని ఈ ఇంటికి వచ్చేనాటికే ఆమె ఈ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె పొట్టి, నేను పొడుగు. మేమిద్దరం పక్కపక్కన నడుస్తుంటే మా అత్త "రోలూ రోకలీ పోతాండాయి సూడండి" అని నవ్వేది. మా అబ్బాయి అని నేను రాస్తున్నది అక్క కొడుకునే. నాకు పిల్లలు లేరు. వాడు నన్ను చిన్నమ్మా అంటాడు కానీ, చిన్నప్పుడు ఆకలేస్తే ఇద్దరిలో ఎవరు ముందు కనిపిస్తే వాళ్ళ కొంగు పట్టుకునేవాడు.

అన్నదమ్ములిద్దరూ, మా ఆయనా బావగారూ, ఒకసారి మాటా మాటా పెరిగి చేను పంచుకున్నారు. ఆవులను పంచుకున్నారు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి అక్క ఒప్పుకోలేదు. మా వైపు ఒక ఇల్లు రెండయిందని చెప్పడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఒక కప్పు కింద రెండో పొయ్యి వెలిగితే చాలు, ఊరికి తెలిసిపోతుంది. "చేన్లు మీవి, పంచుకోండి. పొయ్యి నాది, నేను పంచను" అంది. అన్నదమ్ములు వేరువేరు గట్ల మీదుగా చేన్లకు పోయి, వచ్చి ఒకే చోట కూర్చుని తిన్నారు. కొన్నాళ్ళకు మాటలూ కలిశాయి.

తర్వాత మా ఆయన పోయాడు. కర్మ అయిన మరునాడు మా పుట్టింటి పెద్దలు కూర్చుని నా సంగతి మాట్లాడారు. పిల్లలు లేనిది, ఎన్నాళ్ళని ఒకరి చేతి కింద తింటుంది, పక్క కొట్టంలో ఒక పొయ్యి వేసివ్వండి, తన గింజలు తాను వండుకుంటుంది అన్నారు. వాళ్ళు నా మంచికే అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. లోపల నుంచి అక్క వచ్చింది, చేతులకు పిండి కూడా కడుక్కోలేదు.

"ఈ ఇంట్లో పొయ్యి ఒగటే. రెండోది పెట్టాలంటే ముందు నన్ను ఈడ నుంచి పంపించండి."

ఆ మాట మీదే నేను ఈ ఇంట్లో ఉండిపోయాను. బావగారు కూడా పోయాక ఇద్దరం ఆ పొయ్యి ముందే ముసలివాళ్ళమయ్యాం.

అక్క కళ్ళు ఒక్క రోజులో పోలేదు. మొదట పక్కల నుంచి చీకటి వచ్చింది. గడప పక్కన పెట్టిన చెంబును తన్నేది, పక్కన నిలబడ్డ మనిషిని చూసేది కాదు. మదనపల్లెలో కళ్ళ డాక్టరు దగ్గరికి ఏడాదంతా తిరిగాం. బస్సులోకి టమోటా మండీ వాసన రాగానే "వచ్చేసినామా మే?" అని లేచేది. నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని మందులతో నిలబెడదాం అన్నాడు డాక్టరు. పొగ వల్ల వచ్చిందా అని నేను అడిగాను. పొగ మంచిది కాదు గానీ ఈ జబ్బు పొగ వల్ల రాదు అన్నాడు. అక్కకు ఆ మాట చాలు. ఉన్న చూపూ నిలబడలేదు. చివరికి వెలుగు, చీకటి తేడా మాత్రం మిగిలింది.

అయినా మధ్యాహ్నం సంగటి ఆమే చేసేది. సాయం చేయమని ఎవరినీ పిలిచేది కాదు. పొయ్యి ముందు ముక్కాలి పీట మీద కూర్చుంటే ఎడమ చేతికి నీళ్ళ కడవ, కుడి చేతికి ఉప్పు జాడీ, వెనక్కి చేయి చాపితే ఎండు మల్బరీ పుల్లలు. మా ప్రాంతంలో పట్టుపురుగులు పెంచేవాళ్ళు ఆకు కోసుకోగా మిగిలిన పుల్లలు ఉత్తపుణ్యానికి ఇస్తారు. చిటపటమని మండుతాయి. పుచ్చిపోయిన టమోటా ఊతకర్రలు కూడా వేసేవాళ్ళం. మంట ఎంత ఉందో ఆమెకు మోకాళ్ళకు తగిలే సెగ చెప్పేది. నూకలు ఉడికాయని చప్పుడు చెప్పేది. రాగిపిండి వేశాక అది మగ్గిందని వాసన చెప్పేది. కాళ్ళతో కుండ అదిమి, సంగటి కట్టె రెండు చేతులా పట్టుకుని కెలికితే ఒక్క ఉండ కట్టేది కాదు. కళ్ళున్న నేను చేస్తే ఉండలు కట్టేది.

పొద్దు కూడా ఆమెకు అక్కడే తెలిసేది. పాత మిద్దెకు నెత్తిన గవాచి ఉండేది. పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ పైకప్పుకు పెట్టే రంధ్రం అది. వాన వస్తే పైకెక్కి బండ మూసేవాళ్ళం.

మేస్త్రీ పోయాక ఆ సాయంత్రం మా అబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. వాడికి మదనపల్లె మండీలో టమోటాలు గ్రేడు చేయించే పని. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఇల్లు కట్టడానికి ఎన్నో ఏళ్ళు ఆగాడు.

"చిన్నమ్మా, తెల్ల సున్నం గోడలకు పొగ పట్టిస్తామా? పెరట్లో రేకులు దించి ఆడ వేద్దాం పొయ్యి. అమ్మకు గాలి కూడా తగుల్తాది."

"పెరట్లోకి మెట్లు దిగాల. బట్టలుతికే బండ దాటాల. ఆడంతా తడి. ఆమె ఒగతే ఎట్ల పోతాది?"

"ఎవురో ఒగరు చేయి పట్టుకోని పోతారు."

"చేయి పట్టుకోని పోయి కూర్చోబెడితే, ఉప్పు కూడా మనమే అందియ్యాల. అప్పుడింక ఆమె వండేదేముండాది?"

వాడు చెడ్డవాడు కాదు. వాడికి తల్లి కాలుతుందేమోనన్న భయం ఎప్పుడూ ఉంది.

లోపల వేద్దామంటే ఇంకో చిక్కు. వంటింట్లో గ్యాసు ఉంటుంది, అది కోడలిది. దాని పక్కనే కట్టెల పొయ్యి వేస్తే ఒక కప్పు కింద రెండు పొయ్యిలు. ఆగ్నేయం గదిలో రెండు పొయ్యిలు కలవవు అని మేస్త్రీ అన్నాడు. ఎదురింటామె అంతకంటే ముందే గోడ మీదుగా తొంగి చూసి అడిగేసింది.

"ఏం మే, అత్తాకోడళ్ళు ఏరుపడతాండారంటనే? కొత్తిల్లు, కొత్త పొయ్యి."

"నీ నోట్లో పొయ్యి పెట్ట! ఎవురు చెప్పినారు నీకు?" అన్నాను.

"ఎవురూ సెప్పలేదులేమ్మా. మేస్త్రీ నా దగ్గర టీ తాగినాడు."

ఈ మాట అక్క చెవిన పడింది. కళ్ళు పోయాక ఆమె చెవిన పడనిది లేదు. సాయంత్రం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"యాల మే నాకోసరం ఈ రభస? నా బతుకంతా రెండో పొయ్యి పెట్టనీలే. అన్నదమ్ములు కొట్టుకున్నా పెట్టనీలే, నువ్వు ముండమోసినప్పుడూ పెట్టనీలే. ఇప్పుడు నాకోసరం నేనే పెట్టించుకునేదా? నాకొద్దు. పెట్టింది తింటా."

పెట్టింది తింటా. ఆ మాట నేను ఆమె నోట ఎప్పుడూ వినలేదు. అరవై మందికి వండిపెట్టిన రోజున కూడా చివరిగా తన కంచంలో తనే పెట్టుకున్న మనిషి.

మిద్దె పడగొట్టే ముందు అందరం సామాన్లు సర్దుతున్నాం. నేను అక్క పాత చీర అంచు ఒకటి పొడుగ్గా చించి, ఆమెను పొయ్యి ముందు పీట మీద కూర్చోబెట్టాను.

"చేయి చాపు. కడవ దగ్గరికి."

"ఏం మే, రవిక కుట్టిస్తావా నాకు?"

"నీకు గాదు, పొయ్యికి. కదలకుండా కూర్చో."

"పొయ్యి యాడ పెట్టేదో తెలీదు గానీ కొలతలంట. నీకు నాలుగు అచ్చరాలు రాంగానే ఇంజనీరువైపోయినావే!"

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. మహిళా సంఘం గదిలో సాయంత్రాలు ఒక టీచరమ్మ వచ్చి నేర్పేది. అక్కను కూడా రమ్మంటే "నువ్వు పోయి నేర్చుకోనిరా, నేను నీకు సంగటి పెడతా. ఇద్దరం పోతే ఎవురు పెడతారు?" అంది. చీర అంచు మీద నేను ముడులు వేశాను. ఏ ముడి దేనిదో మరిచిపోకుండా బాల్‌పెన్నుతో పక్కన ఒక్కో అక్షరం రాశాను. నీళ్ళకు నీ, ఉప్పుకు ఉ, పుల్లలకు పు. పొయ్యి నోటి నుంచి ఆమె మోకాలి దాకా, పీట నుంచి గడప దాకా. ఎందుకు చేస్తున్నానో నాకే తెలియదు. ఆ చోటు పోతే మళ్ళీ దొరకదని మాత్రం తెలుసు.

ఇల్లు కట్టినన్నాళ్ళూ బస్టాండు వెనక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అక్కడ గ్యాసు మాత్రమే. కోడలిది కుప్పం. చురుకైన పిల్ల, మాట గట్టిది, మనసు మెత్తన. అత్తను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ చేతికి ఇచ్చి, అన్నం చేతికి ఇచ్చి, ఏ లోటూ చేయలేదు. అక్క ఆ కుర్చీలో బస్టాండు మైకు వింటూ కూర్చునేది. తిండి తగ్గింది. ఇంకొంచెం పెట్టనా అంటే "చాలమ్మా" అనేది, చుట్టం ఇంటికి వచ్చినదానిలా. మంచినీళ్ళు కావాలంటే అందరి చప్పుళ్ళూ ఆగేదాకా ఉండి, అప్పుడు మెల్లగా అడిగేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక అరచేతిని ఇంకో బొటనవేలితో రుద్దుతూ ఉండేది. సంగటి కట్టె పట్టి పట్టి కాయలు కాచిన చోటు అది. కొన్నాళ్ళకు అక్కడ చర్మం మెత్తబడింది.

ఒక రోజు నేను సంతకు పోయాను. కోడలు కింద కుళాయి దగ్గర బిందెలు నింపుతోంది. అక్క లేచి గోడ పట్టుకుని గ్యాసు దగ్గరికి పోయింది. ఏదో ఒకటి చేసి పెడదామనే కాబోలు. బటన్ తిప్పింది. లైటరు చేతికి దొరకలేదు. బటన్ ఎటు తిప్పి కట్టాలో తెలియలేదు. కోడలు పైకి వచ్చేసరికి గదంతా వాసన.

నేను వచ్చేటప్పటికి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కోడలు నేల మీద కూర్చుని అత్త కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది, ఏడుస్తూనే తిడుతోంది.

"మేము సచ్చినామా అత్తా? నువ్వు యాల లేసినావు? అగ్గిపుల్ల దొరికింటే ఏమయ్యిండేది?"

అక్క బెదిరిపోయి ఉంది. ఎవరి వైపు ముఖం పెట్టాలో తెలియక గోడ వైపు పెట్టింది.

"దానికి సప్పుడు లేదు గదమ్మా" అంది. "మా పొయ్యి అయితే మాట్లాడతాది. ఇది మాట్లాడదు. ఎట్ల తెలుస్తాది నాకు?"

మర్నాడు పొద్దున నేను గింజలు చెరుగుతుంటే కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"చిన్నత్తా, మా అవ్వ సంగతి చెప్తా విను. కుప్పంలో మా నాయన, మా చిన్నాయన ఏరుపడినారు. మా అవ్వ ఒప్పుకోలేదు. దినామూ తెల్లారితో మా పొయ్యిలో నుంచి నిప్పుకణిక చిప్పలో తీసుకోని పోయి మా చిన్నాయన పొయ్యిలో వేసేది. ఎవురన్నా ఏరుపడినారంటనే అంటే, 'నిప్పు ఒగటే గదే, ఏరెట్లయితాది' అని కొట్లాటకు పోయేది. ఆమె సచ్చిందాక అట్లే చేసింది."

"అయితే?"

"అయితే ఏముండాది? పొయ్యి లోపలే పెడదాం. దానికి అగ్గిపుల్ల ముట్టించొద్దు. గ్యాసులో నుంచి నేను పుల్ల ఎలిగించి తెచ్చిస్తా. నిప్పు ఒగటే. ఎవురేమంటారో నేను సూస్తా."

నేను చేట పక్కన పెట్టి ఆ పిల్ల ముఖం వైపు చూశాను. వంటిల్లు ఆ పిల్లది. తెల్ల గోడలు ఆ పిల్లవి. వద్దని ఒక్క మాట అంటే అందరూ ఒప్పుకునేవాళ్ళు.

అక్కను ఒప్పించడం కష్టం కాలేదు. అంతా విని, "మీ అవ్వ గట్టిది మే" అంది. తర్వాత "పిల్లా, దినామూ తెచ్చిస్తావా? విసుక్కోకుండా?" అని అడిగింది.

మేస్త్రీతో మాత్రం గొడవైంది. పొగ పోవడానికి కప్పుకు దారి పెట్టమన్నాను.

"స్లాబుకు బొక్కా? వానకాలం కారితే మీరు నన్ను తిట్టేదానికి పుంగనూరంతా సాలదమ్మా."

చివరికి పొయ్యి మీద ఒక గూడులా కట్టి, దానికి గొట్టం పెట్టి గోడలో నుంచి బయటికి తీశాడు. మిద్దె పడగొట్టేటప్పుడే పాత పొయ్యిని నేనే పగలగొట్టి ఆ మన్ను గోతంలో కట్టి దాచాను. దాన్ని నలగ్గొట్టి, పుట్టమన్నూ పేడా రాగిపొట్టూ కలిపి తొక్కి, పెరటి గుమ్మం దగ్గర మూలన నేల మీద పొయ్యి వేశాను. ముందు పీట పెట్టుకుని, చీర అంచు పరిచి, ఒక్కో ముడి దగ్గర ఒక్కో వస్తువు పెట్టాను. కడవకు చిన్న దిమ్మె కట్టించాను. ఉప్పు జాడీకి గోడలో గూడు పెట్టించాను. పుల్లలకు రెండు రాళ్ళు. అన్నీ సిమెంటుతో కట్టాం, ఎవరూ పొరపాటున జరపకుండా. అవన్నీ అక్క చేతి కొలతకే. నాకు కావు.

పాలు పొంగించే రోజున చుట్టాలొచ్చారు. మేమిద్దరం ముత్తైదువలం కాము కాబట్టి వెనకే నిలబడ్డాం. కోడలు గ్యాసు మీద పాలు పెట్టింది. పొంగాయి. అందరూ చూస్తుండగానే ఒక మల్బరీ పుల్ల తీసి ఆ మంటలో పెట్టింది. అది అంటుకోగానే అరచేయి అడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చి వంగింది.

"అత్తా, నిప్పు తెచ్చినా."

"యాడిది మే?" అంది అక్క.

"ఇంటిదే."

ఎదురింటామె నోరు తెరవబోయి, కోడలి ముఖం చూసి, "సంగటి ఎప్పుడు పెడతారమ్మా?" అని మాట మార్చింది.

అక్క పీట మీద కూర్చుంది. ఎడమ చేయి చాపింది, కడవ తగిలింది. కుడి చేయి చాపింది, జాడీ తగిలింది. వెనక్కి చాపింది. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి, చిన్నపిల్ల ఆడుకున్నట్టు. "నీ ఇంజనీరు సదువు మంచిదే మే" అంది. ఎసరు మరిగింది. పిండి వేసింది. మూత పెట్టి మంట తగ్గించింది. నేను గుమ్మానికి ఆనుకుని ఆమె మోకాళ్ళనే చూస్తున్నాను, సెగకు దగ్గరగా జరిగి ఆగిన ఆ మోకాళ్ళు.

అప్పుడు ఆమె తల ఎత్తింది. ఎడమ భుజం కొంచెం పైకి పెట్టింది. కాసేపు అలాగే ఉండి, మెల్లగా అడిగింది.

"పొద్దు యాడికొచ్చిందే?"

నాకు అప్పుడు తెలిసింది. పాత మిద్దెలో గవాచిలో నుంచి ఎండ దిగి, మధ్యాహ్నానికి సరిగ్గా ఆ భుజం మీద పడేది. ఎండ భుజం మీదికి వస్తే పిండి వేసేది, వీపు మీదికి జరిగితే చేను నుంచి మగవాళ్ళు వచ్చే వేళయిందని ముద్దలు చేసేది. కళ్ళున్నప్పటి నుంచీ అలవాటు. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నా నేను గమనించలేదు. ఆమె చేతులు దేన్ని తాకుతాయో అన్నీ కొలిచాను. ఆమెను తాకేదాన్ని కొలవలేదు. స్లాబు పోసేశారు. ఇంక దారి లేదు.

"పన్నెండు దాటింది అక్కా" అన్నాను.

"ఓ" అంది. భుజం దించుకుంది.

మా అబ్బాయి ఒక ఫోను కొని, మధ్యాహ్నం కాగానే అది మోగేటట్టు చేసి గూట్లో పెట్టాడు. కొన్ని రోజులు మోగింది. "అది సెప్తాదిరా నాయినా. తగలదు" అంది అక్క. తర్వాత దాన్ని ఎవరూ పెట్టలేదు. పొద్దు ఎక్కడికి వచ్చిందో నేనే చెప్పేదాన్ని.

అయినా ఆ ఏడాది బాగుంది. మళ్ళీ తిండి తింది. తన కంచంలో తనే పెట్టుకుంది. రోజూ పొద్దున ఆ ఇద్దరి మాట వినిపించేది. "అత్తా, నిప్పు తెచ్చినా." "యాడిది మే?" "ఇంటిదే." ఒక్కోసారి కోడలు ఆటపట్టించేది, "ఎదురింట్లో దొంగతనం చేసినా అత్తా" అని. "అట్లయితే ఆడే పెట్టిరా, ఆమె సంగటి మాడనీ" అనేది అక్క. మా అబ్బాయి డబ్బా కోసం పొద్దున్నే కూడా కొంచెం సంగటి కెలికేది. వాడు ఆ ముద్దలు పెట్టుకుని మండీకి పోతే, తోటివాళ్ళు వాడికి ఒక్క ముద్ద కూడా మిగల్చకుండా తినేవాళ్ళట. అది విని ఇంకో ముద్ద ఎక్కువ పెట్టించేది.

చలికాలంలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ మనిషి లేవలేదు. మదనపల్లెకు తీసుకుపోయాం. వయసు, గుండె, ఇంట్లోనే చూసుకోండి అన్నారు. వంటింటి పక్క గదిలో మంచం వేశాం, తలుపు తీసి పెట్టి. పొయ్యి ముందు నేను కూర్చున్నాను. ఆమె మంచంలో నుంచే వండించేది.

"మంట ఎక్కువుండాది మే. పుల్ల ఎనక్కి లాగు."

"లాగినా అక్కా."

"అడుగు పడతాండాది. కట్టె ఏసి తిప్పు. తిప్పు మే, తిడతాండానని అలగబాక."

రోజులు గడిచేకొద్దీ ఆ మాటలు తగ్గాయి. గొంతు సన్నబడింది. ఒక మధ్యాహ్నం ఆమె ఏమీ అనలేదు. నేను కావాలనే మంట పెంచాను. పిండి అడుగంటింది, మాడు వాసన ఇల్లంతా వచ్చింది. కట్టెతో కుండ అడుగు గీరాను. ఆ చప్పుడు ఎదురింటికి కూడా వినపడి ఉంటుంది. చెయ్యి ఆపి విన్నాను. మంచం మీద నుంచి మాట లేదు. కోడలు పెరట్లో నుంచి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, ఏమీ అడగకుండా వెనక్కి పోయింది.

ఆ వారం దాటలేదు.

చావు ఇంట్లో నిప్పు ముట్టించరు. గ్యాసూ వెలగలేదు, పొయ్యీ వెలగలేదు. ఎదురింటామె క్యారియర్లలో అన్నం తెచ్చి, ఒక్కొక్కరినీ బతిమాలి తినిపించింది. నా పక్కన కూర్చుని, "గోడ మీద నుంచి ముద్ద ఇచ్చేది మే నాకు. సూపు లేకపోయినా నా గొంతు ఇని ఇచ్చేది" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాను. అంత చల్లగా దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. నేను మళ్ళీ వేసిన రోజున కూడా తడి ఉంది గానీ ఇంత చల్లదనం లేదు.

కర్మలన్నీ అయ్యాక మా అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు.

"చిన్నమ్మా, నీకు నడుము వంగదు. అంత కింద కూర్చోని యాడ వండుతావు? మేస్త్రీని పిలిపిస్తా. పొయ్యి తీసేసి ఆడ అల్మారా పెట్టిద్దాం. లేదంటే నీకు అందేటట్టు ఎత్తుగా కట్టిద్దాం. నువ్వెట్ల చెప్తే అట్ల."

"ఉండనీరా" అన్నాను.

"నీ కొలతకు కాదు గదా అది."

"ఉండనీ."

మరునాడు పొద్దున కోడలు గ్యాసు వెలిగించి, టీ పెట్టి, చాలాసేపు మంట చూస్తూ నిలబడింది. తర్వాత ఒక పుల్ల అంటించుకుని వచ్చి నా పక్కన వంగింది.

"చిన్నత్తా, నిప్పు తెచ్చినా."

యాడిది అని నేను అడగాలి. ఆ పిల్ల కాసేపు చూసి, పుల్ల వేలిదాకా కాలుతుంటే, తనే పొయ్యిలో పెట్టింది. "ఇంటిదే" అంది, నాకో, పొయ్యికో.

నేను పీట మీద కూర్చున్నాను. నీళ్ళ కోసం ఎడమ చేయి చాపితే చేయి కడవను దాటి గోడకు తగిలింది. ఉప్పు కోసం కుడి చేయి చాపితే మోచేయి జాడీకి కొట్టుకుని ఉప్పు ఒలికింది. నా మోకాళ్ళు పొయ్యి నోట్లోకి పోతున్నాయి. ఎటు చాపినా నా చేయి ఒక జానెడు ఎక్కువ. ఒలికిన ఉప్పు తీసి, జాడీ మళ్ళీ దాని గూట్లోనే పెట్టాను.

ఇప్పటికీ మధ్యాహ్నం సంగటి నేనే చేస్తాను. ఉండలు కడుతుంది. ఎవరూ ఏమీ అనరు. జాడీకి మోచేయి తగిలించుకోకుండా, చేయి కొంచెం ముడుచుకుని వండటం అలవాటు చేసుకుంటున్నాను.